గాపొంత్సెవ్ విజయగాథ: చెప్పని అధ్యాయాలు

మీ ఊళ్ళో ఇనప రేకుల మీద లతలూ పూలూ కోసి గేట్లకూ కిటికీలకూ అమర్చే దుకాణం ఉంటే ఒకసారి తొంగి చూడండి. బల్ల మీద పరచిన రేకు మీదుగా ఒక ముక్కు కదులుతూ పోతుంది. దాని కింద నిప్పురవ్వలు రాలుతుంటాయి. కాసేపట్లో నెమలి బొమ్మ తయారవుతుంది. ఆ ముక్కులోకి కాంతి ఎక్కడి నుంచి వస్తోందని వెతికితే, ఓ మూల బీరువా లాంటి పెట్టె, అందులోంచి బయలుదేరిన వేలెడు లావు కేబుల్ కనిపిస్తాయి. కేబుల్ నడిమధ్యలో ఉన్నది వెంట్రుకంత గాజు పోగు. ఇనుమును వెన్నలా కోసే కాంతి అంతా ఆ పోగులోంచే వస్తోంది.

ఆ గాజు పోగును ప్రయోగశాల నుంచి కర్మాగారానికి నడిపించిన వారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు వాలెంటిన్ గాపొంత్సెవ్. 1939లో మాస్కోలో పుట్టిన ఈ భౌతిక శాస్త్రజ్ఞుడు 1990లో, తన 51వ ఏట, వ్యాపారంలో అడుగుపెట్టాడు. ఆయన స్థాపించిన ఐపీజీ ఫోటానిక్స్ సంస్థ 2006 డిసెంబరులో అమెరికా స్టాక్ మార్కెట్ కెక్కింది. 2018 నాటికి దాని వార్షిక అమ్మకాలు సుమారు 146 కోట్ల డాలర్లకు చేరాయి. 2021 అక్టోబరులో ఆయన మరణించేనాటికి ప్రపంచంలో ఫైబర్ లేజర్ అంటే ముందు గుర్తుకొచ్చేది ఆ సంస్థ పేరే.

ఈ కథను చెప్పే పద్ధతి ఒకటి స్థిరపడిపోయింది. సోవియట్ యూనియన్ కూలిపోతున్న రోజులు. జీతాలు అందని ప్రయోగశాల. ఒక మొండి శాస్త్రజ్ఞుడు. వెంట కొద్దిమంది శిష్యులు. అందరూ సాధ్యం కాదన్న దాన్ని ఆయన సాధ్యం చేశాడు, కోటీశ్వరుడయ్యాడు. వినడానికి బాగుంటుంది. యువ పరిశోధకులకు 'మీరూ ఇలా కావాలి' అని ఉపదేశించడానికి మరీ బాగుంటుంది. అయితే సైన్సు పత్రిక చదివే మీరు ఈ కథను ప్రయోగ ఫలితాన్ని పరీక్షించినట్టే పరీక్షించాలి. ఇందులో ఏది నిజం, ఏది అతిశయోక్తి, ఏది మరుగున పడింది? ఈ వ్యాసం చేయబోయేది ఆ పనే.

మొదటి మాట: 'ఫైబర్ లేజర్‌ను కనిపెట్టాడు'

ఇది నిజం కాదు. 1960 మేలో అమెరికాలో థియొడోర్ మైమన్ కెంపు స్ఫటికంతో తొలి లేజర్‌ను వెలిగించాడు. మరుసటి ఏడాదే అమెరికన్ ఆప్టికల్ కంపెనీలో ఎలియాస్ స్నిట్జర్ నియోడైమియం కలిపిన గాజుతో లేజర్ చేశాడు. 1964లో స్నిట్జర్, కోస్టర్ కలిసి గాజు పోగులో కాంతిని వర్ధనం చేసి చూపారు. అంటే ఫైబర్ లేజర్ వయసు దాదాపు లేజర్ వయసంతే. అప్పటికి గాపొంత్సెవ్ పాతికేళ్ళ యువకుడు.

మరి పాతికేళ్ళపాటు ఆ ఆలోచన ఎందుకు మూలబడింది? కారణం తెలుసుకోవాలంటే పోగు లోపలికి వెళ్ళాలి. మేలైన కాంతి పుంజం కావాలంటే పోగు మధ్యనున్న కోర్ చాలా సన్నగా, సుమారు మిల్లీమీటరులో నూరో వంతు, ఉండాలి. లేజర్‌ను ఉత్తేజపరచడానికి వాడే డయోడ్ల కాంతేమో చెల్లాచెదురుగా ఉంటుంది. సూది బెజ్జంలోకి బిందెతో నీళ్ళు పోయగలమా? 1988లో స్నిట్జర్ బృందమే దీనికి ఉపాయం చెప్పింది. కోర్ చుట్టూ వెడల్పైన మరో గాజు పొర, దాని చుట్టూ వక్రీభవన గుణకం తక్కువైన ఇంకో పొర ఉంచితే సరి. డయోడ్ల కాంతిని వెడల్పు పొరలోకి పంపితే అది సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ పోగు పొడవునా ప్రయాణిస్తుంది. దారిలో కోర్‌ను దాటిన ప్రతిసారీ కొంత కాంతిని కోర్‌లోని పరమాణువులు పీల్చుకుంటాయి. వెడల్పు పొరలో పోసిన నాసిరకం కాంతి సన్నని కోర్‌లో మేలురకం కాంతిగా మారి బయటకొస్తుంది.

ఇక ఆ సమయంలోనే, 1987లో, బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం ఎర్బియం కలిపిన పోగుతో టెలిఫోన్ సంకేతాలను పెంచే వర్ధకాన్ని తయారుచేసింది. సముద్రాల అడుగున పరచిన కేబుళ్ళకు అది ప్రాణం పోసింది. 2004లో అదే విశ్వవిద్యాలయం ఒకే పోగు నుంచి 1.36 కిలోవాట్ల మేలైన పుంజాన్ని రాబట్టింది. కాబట్టి కనిపెట్టిన ఘనతను ఒక్కడి ఖాతాలో వేయడం మిగతావారికి అన్యాయం.

గాపొంత్సెవ్ అసలు ఘనత వేరే చోట ఉంది. ఫైబర్ లేజరంటే మిల్లీవాట్లతో టెలిఫోన్లకు పనికొచ్చే సున్నితమైన పరికరమని నిపుణులు అనుకుంటున్న రోజుల్లో, ఇది వేల వాట్లతో ఉక్కును కోసే పనిముట్టవుతుందని ఆయన నమ్మాడు. ఆ నమ్మకం గాలిలోంచి ఊడిపడలేదు, లెక్కలోంచి పుట్టింది. ఆ లెక్కను మీరూ వేసి చూడవచ్చు.

లెక్క చెప్పే నిజం

నియోడైమియం లేజర్‌ను 808 నానోమీటర్ల కాంతితో ఉత్తేజపరిస్తే 1064 నానోమీటర్ల కాంతి వస్తుంది. తరంగదైర్ఘ్యం పెరిగితే ఫోటాన్ శక్తి తగ్గుతుంది కదా. ఆ తేడా, అంటే సుమారు 24 శాతం, తప్పనిసరిగా వేడి అవుతుంది. యిటెర్బియం సంగతి చూడండి. 976 నానోమీటర్ల కాంతిని పీల్చుకుని సుమారు 1070 దగ్గర విడుదల చేస్తుంది. వేడిగా పోయేది 9 శాతమే. పైగా కడ్డీ ఆకారపు స్ఫటికంలో వేడి మధ్యలో చిక్కుకుని, స్ఫటికమే కటకంలా మారి, పుంజాన్ని వంకర చేస్తుంది. మీటర్ల పొడవున్న సన్నని పోగుకు ఆ బాధ తక్కువ. ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం చాలా ఎక్కువ కాబట్టి వేడి తేలిగ్గా బయటకు పోతుంది.

ఇక ఫైబర్ లేజర్ గద్దె దింపిన రాజెవరో చెప్పుకోవాలి. అది కార్బన్ డయాక్సైడ్ లేజర్. దాన్ని 1964లో బెల్ ప్రయోగశాలలో సృష్టించినవాడు మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణె ఇంజనీరింగ్ కళాశాలలో చదివిన సి. కుమార్ పటేల్. 1967లో బ్రిటన్‌లోని వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పీటర్ హౌల్డ్‌క్రాఫ్ట్ ఆ లేజర్ పుంజానికి ఆక్సిజన్ ధారను జోడించి ఉక్కు రేకును కోశాడు. ఆ తరువాత దశాబ్దాల పాటు రేకుల కోతలో దానిదే రాజ్యం. అయితే దాని 10.6 మైక్రాన్ల కాంతి మామూలు గాజు పోగులో ప్రయాణించలేదు. అద్దాల మీదుగా మళ్ళిస్తూ తీసుకుపోవాలి. అద్దం కాస్త కదిలినా, దుమ్ము పడినా పని ఆగిపోతుంది.

ఖర్చు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్ సామర్థ్యం సుమారు 10 శాతం అనుకోండి. 4 కిలోవాట్ల కాంతి కోసం 40 కిలోవాట్ల విద్యుత్తు కావాలి. ఫైబర్ లేజర్ సామర్థ్యం 40 శాతమైతే 10 కిలోవాట్లు చాలు. గంటకు 30 యూనిట్లు ఆదా. యూనిట్ 8 రూపాయలనుకుంటే గంటకు 240 రూపాయలు. రోజుకు పది గంటలు నడిచే చిన్న దుకాణానికి ఇది ఇద్దరు ముగ్గురు పనివాళ్ళ కూలి. ఇది మీ ఊరి గేట్ల దుకాణందారుకు ఏ భౌతిక శాస్త్రజ్ఞుడూ చెప్పనక్కరలేదు. కరెంటు బిల్లే చెబుతుంది.

రెండో మాట: 'చిల్లిగవ్వ లేకుండా, ఒంటరిగా'

ఇందులో సగమే నిజం. 1990లో ఆయన చేతిలో పెట్టుబడి లేదన్నది వాస్తవమే. అయితే పెట్టుబడి అంటే డబ్బేనా?

గాపొంత్సెవ్ మాస్కో దగ్గరి ఫ్ర్యాజినో పట్టణంలో, సోవియట్ సైన్సు అకాడమీకి చెందిన రేడియో ఇంజనీరింగ్, ఎలక్ట్రానిక్స్ సంస్థలో రెండు దశాబ్దాలకు పైగా పరిశోధన చేశాడు. ఆయన అధ్యయనం చేసింది అరుదైన మృత్తిక మూలకాలు కలిపిన గాజులను. 1982లో ఆయన, సహచరులు ఎర్బియం గాజు లేజర్ల మీద ప్రచురించిన సమీక్షా పత్రం ఆ రంగంలో వారికి పేరు తెచ్చింది. ఒక గాజులో యిటెర్బియం, ఎర్బియం రెండూ ఉంటే, మొదటిది కాంతిని పీల్చుకుని ఆ శక్తిని పక్కనున్న రెండోదానికి అందిస్తుంది. ఆ బదిలీ ఏ గాజులో ఎంత బాగా జరుగుతుంది, ఎక్కడ వృథా అవుతుంది అన్న ప్రశ్నలకు సమాధానాలు ఏళ్ళ తరబడి కొలతల వల్లనే దొరుకుతాయి. ఆ కొలతలకు ఖర్చు పెట్టింది సోవియట్ ప్రజలు. అప్పట్లో వాటివల్ల ఏం లాభమని ఎవరైనా అడిగి ఉంటే చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. తరువాత సంస్థ టెలిఫోన్ కంపెనీలకు అమ్మిన తొలి అధికశక్తి వర్ధకాలు నిలబడింది ఈ పునాది మీదే.

మనుషుల సంగతీ అంతే. తొలి బృందంలోని వారు ఆ సంస్థలోనే, ఆ విద్యావ్యవస్థలోనే తయారైన శాస్త్రజ్ఞులు. బసోవ్, ప్రోఖొరోవ్‌లు అమెరికన్ టౌన్స్‌తో కలిసి 1964లో నోబెల్ బహుమతి పొందిన దేశం అది. లేజర్ భౌతికం అక్కడ ఒక సంప్రదాయం. ఆ తరువాత డబ్బు వచ్చింది కూడా పెద్ద సంస్థల ఆర్డర్ల రూపంలోనే. ఇటలీ టెలికాం సంస్థ ఇటాల్‌టెల్ వర్ధకాలు చేయమంది. ఆ బాటలోనే 1990ల మధ్యలో జర్మనీలోని బుర్బాఖ్‌లో కర్మాగారం వెలిసింది. 1998లో ముఖ్య కార్యాలయం అమెరికాలోని మసాచుసెట్స్‌కు మారింది. విత్తనం ఒక దేశంలో, నారుమడి ఇంకో దేశంలో, పంట మరో దేశంలో అన్నట్టుగా సాగింది ఈ సేద్యం.

ఇదంతా చెప్పడం ఆయన గొప్పదనాన్ని తగ్గించడానికి కాదు. ఆ ప్రయోగశాలలో జీతం తీసుకున్నవారు చాలామందే ఉన్నారు. యాభై దాటాక అన్నీ వదిలి కొత్తదారి పట్టింది కొందరే. కానీ 'ఒంటరిగా' అన్న మాట చేసే చెరుపు పెద్దది. ఆ మాటను నమ్మితే, పరిశోధనశాలలకు నిధులు తగ్గించినా ఫర్వాలేదు, మొండివాళ్ళు ఎలాగో పైకొస్తారు అన్న నిర్ణయానికి వస్తాం. గాపొంత్సెవ్ జీవితం రుజువు చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకమైన విషయాన్ని.

మూడో మాట: 'అన్నీ తానే చేసుకున్నాడు, అందుకే గెలిచాడు'

ఇది నిజం. ఆయన వ్యాపార మేధకు అసలు నిదర్శనం ఇదే. ఫైబర్ లేజర్ ఖర్చులో పెద్ద భాగం ఉత్తేజపరిచే డయోడ్లది. 2000-2001లో టెలికాం రంగం కుప్పకూలి, కొనేవారు మాయమైనప్పుడు, మామూలు వ్యాపారి ఖర్చులు తగ్గించుకుని కూర్చుంటాడు. గాపొంత్సెవ్ ఆ గడ్డుకాలంలోనే సొంత డయోడ్ కర్మాగారానికి పెట్టుబడి పెట్టి, టెలిఫోన్లను వదిలి ఉక్కు వైపు తిరిగాడు. అప్పట్లో అధికశక్తి లేజర్లవారు పక్కపక్కనే అనేక ఉద్గారకాలున్న డయోడ్ పట్టీలను వాడేవారు. ఆయన విడివిడి డయోడ్లను ఎంచుకున్నాడు. పట్టీలో ఒకటి వేడెక్కితే పక్కవాటికీ ముప్పు. విడివిడిగా ఉంటే ఒకటి పోయినా మిగతావి నడుస్తాయి, ఆయుష్షు పెరుగుతుంది. డయోడ్, పోగు, వాటిని కలిపే భాగాలు అన్నీ ఒకే కప్పు కింద చేయడంతో ధర ఆయన చేతిలోకి వచ్చింది. 2009లో సంస్థ 10 కిలోవాట్ల మేలిరకం పుంజాన్ని ఇచ్చే ఫైబర్ లేజర్‌ను ప్రకటించింది.

కానీ కథ చెప్పేవారు ఇక్కడితో ఆపేస్తారు. ఆ తరువాత ఏమైంది? ఒకరు నడిచిన దారి పదిమందికీ తెలుస్తుంది. చైనాలో 2004లో షెన్‌జెన్‌లో మాక్స్ ఫోటానిక్స్, 2007లో ఊహాన్‌లో రేకస్ పుట్టాయి. డయోడ్ నుంచి పోగు దాకా దేశంలోనే చేసుకోవాలన్న పాఠాన్ని చైనా మొత్తం ఒక దేశంగా వంటబట్టించుకుంది. ధరలు పడిపోయాయి. 146 కోట్ల డాలర్ల దగ్గరున్న ఐపీజీ అమ్మకాలు 2024లో సుమారు 98 కోట్లకు దిగాయి. అన్నీ ఒకే కప్పు కింద ఉండడం ఎదిగేటప్పుడు బలం. ధరల యుద్ధంలో అదే బరువు కూడా అవుతుంది, అన్ని కర్మాగారాల ఖర్చూ మోయాలి కనుక.

మరో దెబ్బ రాజకీయాల నుంచి వచ్చింది. 2018లో అమెరికా ఆర్థికశాఖ ప్రకటించిన రష్యా కుబేరుల జాబితాలో గాపొంత్సెవ్ పేరూ చేరింది. అమెరికాలో సంస్థను నిర్మించిన తనను ఆ కోవలో చేర్చడం మీద ఆయన కోర్టుకెక్కాడు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యాలోని కర్మాగారం సంస్థకు గుదిబండ అయింది. 2024లో ఐపీజీ తన రష్యా విభాగాన్ని అమ్మేసింది. ఏ ఫ్ర్యాజినోలో మొలకెత్తిందో ఆ ఫ్ర్యాజినోతోనే బంధం తెగింది. విజ్ఞానానికి సరిహద్దులు లేవంటాం; విజ్ఞానంతో పుట్టిన వ్యాపారానికి మాత్రం సరిహద్దులు ఉన్నాయి.

ఇంకో విషయం కూడా ఈ గాథల్లో కనిపించదు. గేటు కోసే కాంతి యుద్ధానికీ పనికొస్తుంది. 2014లో అమెరికా నౌకాదళం పోన్స్ నౌక మీద మోహరించిన సుమారు 30 కిలోవాట్ల లేజర్ ఆయుధం, వెల్డింగ్ కోసం చేసిన ఆరు ఫైబర్ లేజర్ల పుంజాలను కలిపి రూపొందించినదే. మన డీఆర్‌డీవో కూడా 2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గరి పరీక్షా కేంద్రంలో 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్ని ప్రదర్శించింది. ఆ పని చేసినది హైదరాబాదులోని ప్రయోగశాల. కాబట్టి ఈ పరిజ్ఞానం ఎవరి చేతిలో ఉందన్నది కేవలం లాభనష్టాల ప్రశ్న కాదు.

ఇంతకీ మనకేమిటి?

మన దేశంలో లేజర్ విద్య లేక కాదు. ఇండోర్‌లో 1984లో స్థాపించిన, నేడు రాజా రామన్న పేరు పెట్టుకున్న కేంద్రం తయారుచేసిన లేజర్లు అణు విద్యుత్ కేంద్రాల మరమ్మతుల్లో, మనిషి చేరలేని చోట లోహాన్ని కోశాయి. కలకత్తాలోని గాజు, సిరామిక్ పరిశోధన సంస్థ అరుదైన మృత్తికలు కలిపిన పోగులను తీస్తోంది. హైదరాబాదు శివార్లలో బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐలో లేజర్‌తో లోహాలను అతకడం, ఉపరితలాలను గట్టిపరచడం మీద ఏళ్ళుగా పని జరుగుతోంది. కోత యంత్రాలను తయారుచేసే సంస్థలూ మనకున్నాయి. అయినా మన దుకాణాల్లో నడిచే యంత్రాల్లో అధికభాగానికి గుండెకాయ, అంటే లేజర్ పెట్టె, దిగుమతి సరుకే. బండి మనది, ఎద్దులు పరాయివి.

పోగు తీసేవారు ఒకచోట, డయోడ్ పరిశోధకులు ఇంకోచోట, యంత్రం చేసేవారు మరోచోట ఉండి, వీరి మధ్య రాకపోకలు లేకపోవడమే దీనికి ముఖ్య కారణమని నా అభిప్రాయం. గాపొంత్సెవ్ చేసింది ఈ మూడింటినీ ఒక కప్పు కిందికి తేవడం. చైనా చేసింది వాటిని కొద్ది నగరాల చుట్టూ చేర్చడం. మనం చేస్తున్నది వేర్వేరు నివేదికల్లో రాసుకోవడం.

ఇక్కడే మన యువ పరిశోధకులకు జరుగుతున్న అన్యాయం గురించి చెప్పాలి. పరిశోధనలో చేరిన రెండో ఏడే 'పేటెంటు ఏది? కంపెనీ ఎప్పుడు పెడతావు?' అని అడుగుతున్నారు. అడిగేవారు ఉదహరించేది ఇలాంటి విజయగాథలనే. గాపొంత్సెవ్‌కు ఆ ప్రశ్న ఎదురై ఉంటే గాజులో శక్తి బదిలీని కొలుస్తూ అన్నేళ్ళు కూర్చునేవాడా? మొక్క నాటిన మర్నాడే కాయ అడిగితే చెట్టు దక్కదు. ఫైబర్ ఆప్టిక్స్‌కు ఆద్యుల్లో ఒకడైన మన నరీందర్ సింగ్ కపానీ కథా ఇదే చెబుతుంది. ఆయన 1960లో కాలిఫోర్నియాలో సొంత కంపెనీ పెట్టడానికి ముందు లండన్ ఇంపీరియల్ కాలేజీలో హాప్కిన్స్ దగ్గర గాజు పోగుల కట్టలతో మూల పరిశోధన చేశాడు. ముందు విద్య, తరువాత వ్యాపారం.

కాబట్టి ఈసారి ఎవరైనా మీకు గాపొంత్సెవ్ కథ చెబితే శ్రద్ధగా వినండి; మెచ్చుకోండి కూడా, ఆయన అందుకు అర్హుడే. విన్నాక మూడు ప్రశ్నలు అడగండి. ఆయనకు ఆ ఇరవై ఏళ్ళ జీతం ఎవరిచ్చారు? తొలి సరుకు ఎవరు కొన్నారు? డయోడ్ ఎక్కడ తయారైంది? ఈ మూడింటికీ మన దేశంలో జవాబు దొరికిన రోజున ఇక్కడా గాపొంత్సెవ్‌లు పుడతారు. అంతవరకు మన గేట్ల మీది నెమళ్ళు పరాయి వెలుగులోనే నాట్యం చేస్తుంటాయి.